రెండు గడ్డలు

మన తెలుగులో 'గడ్డ' యను మాట చేయని చాకిరి లేదు. పొలములో మట్టిగడ్డ, వంటయింటిలో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, కుండలో తోడుకొన్న పెరుగు గడ్డ, మనము పుట్టిన చోటు పుట్టిన గడ్డ. మేనిపై లేచినదియు గడ్డయే, కడుపులో పెరిగినదియు గడ్డయే, సిరలో నెత్తురు పేరుకొన్నదియు గడ్డయే. ఇన్ని పనులు చేయు మాట ఎప్పుడో యొకప్పుడు పొరపాటు చేయక మానదు. మా యింట నది చేసినది. నిజము చెప్పవలసినచో ఆ పొరపాటు మాటది కాదు, నాది. దానిని దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని తలచి, మా అక్కగారి యనుమతి గైకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది కేసముద్రము. కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలుమార్గమున ఇంటికన్నె దాటిన పిమ్మట వచ్చు స్టేషను. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండెడిది. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఆ జిల్లా కేంద్రమును మేము నేటికిని మానుకోట యనియే పిలుతుము. పసుపు, మిర్చి, మక్కలు అమ్మవచ్చు రైతులతో మా మార్కెటు ఋతువు వచ్చెనన్న సందడిగా నుండును. నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవాడను. మా అక్క అదే వీథిలో, రెండిండ్ల కవతల కాపురము. బావ పసుపు పండించును. మా తల్లి పోయిన పిమ్మట నాకు అక్కయే తల్లి.

2021వ సంవత్సరపు వానకాలములో అక్క చిక్కిపోవుట మొదలిడెను. ఆ వెనుకనే మధుమేహము బయటపడినది. తొడలపైనను కాళ్లపైనను ఎఱ్ఱని మచ్చలు లేచి, పొక్కి, పుండ్లై, ఒకచోట మాని మఱియొకచోట పుట్టుచుండెను. పూతమందులు పూసితిమి. అవి పనిచేయకపోగా పెద్దలు దిష్టి యనిరి. ఎడమకాలి మడమపైన నల్లదారము కట్టిరి. నేను చదువుకొన్నవాడను, దానిని చూచి నవ్వుకొంటిని, కాని వలదనలేదు. ఇంటిలోని పెద్దల మనసు నొప్పింపనేల యని ఊరకుంటిని. మనలో చాలమంది చదువు ఇంతవరకే వచ్చి ఆగును.

మఱుసటి యేడు ఆరంభమున హైదరాబాదు తీసికొనిపోతిమి. అక్కడ పరీక్షలు చేసి, క్లోమమున న్యూరోఎండోక్రైన్ ట్యూమరు ఉన్నదనియు, కాలేయమున రెండు చుక్కలు కూడ కనబడుచున్నవనియు తేల్చిరి. ఆ పేరు నేను మొదట విన్నప్పుడు మెదడు జబ్బేమో యనుకొంటిని. కాదు. మన ప్రేగులలోను, క్లోమములోను, ఊపిరితిత్తులలోను కొన్ని కణములు చెదరియుండును. అవి నరముల సందేశము నందుకొనును, హార్మోనులను నెత్తుటిలోనికి విడుచును. అట్టి కణములనుండి పుట్టు కణితికే ఈ పేరు. 1907లో మ్యూనిక్ నగరపు వైద్యుడు ఓబర్న్‌డార్ఫర్ ప్రేగులలో ఇట్టివానిని కనుగొని, క్యాన్సరును పోలినవే కాని అంత క్రూరములు కావను భావముతో 'కార్సినాయిడ్' అని పేరిడెను. ఇవియు శరీరమున ప్రాకగలవని 1929లో ఆయనయే తన అభిప్రాయమును దిద్దుకొనెను. అయినను వీనిలో చాలభాగము మెల్లగా పెరుగునవి. తగిన చికిత్సతో రోగి ఏండ్లకొలది బ్రదుకవచ్చును.

డాక్టరుగారు నన్ను పిలిచి ఈ సంగతి యంతయు ఓపికతో చెప్పిరి. శస్త్రచికిత్సకు నెల తరువాత రమ్మనిరి. తుదకు ఇట్లనిరి: "ఈ జబ్బులో గడ్డలు కట్టుట ఎక్కువ. కాలు వాచినను, ఆయాసము వచ్చినను ఒక్క దినమైన ఆగక రండు." కాగితముపైనను వ్రాసి యిచ్చిరి.

నేను తల యూపితిని. నా చెవికి వినబడిన 'గడ్డలు' కడుపులోని గడ్డ వంటివే. ఈ జబ్బు ముదిరినచో కాలికిని రొమ్మునకును ప్రాకునని అర్థము చేసికొంటిని. మెల్లగా పెరుగు జబ్బని ఆయనయే చెప్పియుండిరి గదా! కావున ఆ కాలము ఇంకను దూరమున నున్నదని నిశ్చయించితిని. తిరిగి యొక్క ప్రశ్న వేసియుండినచో ఆ యపార్థము అప్పుడే తొలగియుండును. ఏండ్ల తరబడి పిల్లలను "అర్థము కాకున్న అడుగుడు" అని గద్దించినవాడను, నేను అడుగలేదు.

ఇంటికి వచ్చి అక్కతో, "కడుపులో చిన్న గడ్డ ఉన్నది, తీసివేసిన సరి" అని చెప్పితిని. కాగితమును మా యింటి బీరువాలో నా లెక్కల పుస్తకము క్రింద దాచితిని. బావకు సగము చెప్పితిని. కోడలికి ఏమియు చెప్పలేదు. రోగికి వ్యాధి పేరు చెప్పరాదు, చెప్పిన గుండె పగులును అనునది మన గృహములలో శాస్త్రము కంటె బలమైన ఆచారము. 2018 మార్చిలో హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకీ వ్యాధియే వచ్చినదని లోకమునకంతకు స్వయముగా ప్రకటించెను. 2006లో 'సైనికుడు' అను తెలుగు చిత్రమునను నటించినవాడగుటచేత మా యూరి యువకులును ఆయన నెఱుగుదురు. 2020 ఏప్రిల్ 29న ఆయన గతించువరకు ఆ మాట ఆయన దాచలేదు. ఒకడు దేశమునకంతకు చెప్పగలిగినదానిని నేను రెండిండ్ల కవతలనున్న అక్కకు చెప్పలేకపోతిని. దానికే నేను ప్రేమ యని పేరు పెట్టుకొంటిని.

ఆ నెలదినములు అక్కను మంచము దిగనీయలేదు. నీళ్లబిందె ముట్టనీయలేదు, వాకిలి యూడ్వనీయలేదు. "విశ్రాంతి తీసుకో" అని వచ్చినవారందఱును చెప్పిరి. ఆమెయు తన కాలివంక చూచుకొనవలసిన కారణము నెఱుగక పడుకొనియుండెను.

మూడవ వారమున ఎడమకాలి నల్లదారము బిగిసినది. ముందు కదలాడుచుండిన దారము చర్మములోనికి దిగి గీటు వడినది. కోడలు దానిని కత్తిరించి, కొంచెము పొడవైన క్రొత్తదారము కట్టినది. ఆ మఱునాటికి అదియు బిగిసినది. పిక్క బరువుగా, వెచ్చగా ఉన్నదని అక్క యనగా, పడుకొని పడుకొని నరము పట్టినదని ఇరుగుపొరుగువారు తీర్పు చెప్పిరి. కోడలు ఆముదము వెచ్చజేసి రెండు పూటల మర్దన చేసినది. ఆమె చేతులలో భక్తియే గాని దోషము లేదు. నేనును చూచితిని. "నీరు పట్టినది, తగ్గును" అంటిని. నా బీరువాలోని కాగితము నా కప్పుడు గుర్తు రాలేదు.

నాలుగవనాటి తెల్లవారుజామున అక్క లేచి గడప దాటబోయి, గోడను పట్టుకొని నిలిచి, కూలబడెను. ఊపిరి అందలేదు. ప్రక్కటెముకలలో పోటు. గుండె తబలా వలె కొట్టుకొనుచుండెను. "మామా, రా!" అని కోడలు వేసిన కేక నేటికిని నా చెవిలో నున్నది. 108 బండిలో వరంగల్లు చేర్చితిమి. త్రోవ పొడవునను నేను దాచిన కాగితము నా జేబులోనే యుండెను. బయలుదేరునప్పుడు వెదకి తీసికొంటిని. దానిని చూచిన వైద్యురాలు మఱుమాట లేక కాలికి డాప్లరు పరీక్షయు, రొమ్మునకు సీటీ స్కానును చేయించెను. తొడసిరలో నెత్తురు గడ్డకట్టినది. దానిలో ఒక తునుక తెగి, గుండె గుండ పోయి, ఊపిరితిత్తి ధమనిలో చిక్కుకొనినది.

"అయితే గడ్డ కాలికి ప్రాకినదా?" అని అడిగితిని. ఆమె నన్ను ఒక క్షణము చూచి, అర్థము చేసికొని, కాగితముపై రెండు బొమ్మలు గీసెను. "ఇది కణితి, మాంసము. ఇది గడ్డకట్టిన నెత్తురు. రెండును వేఱు. మొదటిది రెండవదానికి త్రోవ చేయును." ఒక చిన్నపిల్లవానికి చెప్పినట్లు చెప్పెను. నేను పాఠము నేర్చుకొన్న బల్ల అదియే.

ఆ పాఠమును చదువరులకును చెప్పెదను. నెత్తురు సిరలలో ఏల గడ్డకట్టును? బెర్లినులో వైద్యుడుగా నుండిన విర్కో 1856 నాటికే దీనిని విచారించెను. ఆయన పేరుతో నేటి వైద్యులు మూడు కారణములు చెప్పుదురు: నెత్తురు పాఱక నిలుచుట, నాళముయొక్క లోపలి గోడ దెబ్బతినుట, నెత్తుటి గుణమే మాఱి పేరుటకు సిద్ధమగుట. కణితి గలవారిలో ఈ మూడును కూడివచ్చును. రోగి మంచము పట్టుటచే పిక్కలు కదలక నెత్తురు నిలుచును. శస్త్రచికిత్స, సిరలలో నుంచు గొట్టములు, కొన్ని మందులు నాళపుగోడను నొప్పించును. కణితి తాను విడుచు ద్రవ్యములచేత నెత్తుటిని చిక్కపఱచును. సామాన్యముగా క్యాన్సరు గలవారికి ఈ యపాయము ఇతరులకంటె నాలుగు మొదలు ఏడు రెట్లు అధికమని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి.

న్యూరోఎండోక్రైన్ కణితులలో దీనికి తోడు హార్మోనుల పని యొకటి గలదు. అక్కకు వచ్చినది గ్లూకగాన్ అను హార్మోనును మితిమీరి విడుచు రకము; చాల అరుదైనది. చక్కెర పెరుగుట, ఒంటిపై చోటు మార్చుచు ప్రాకు పుండ్లు, మనసు క్రుంగుట, కాలిసిరలలో నెత్తురు గడ్డకట్టుట - ఈ నాలుగును దాని గుర్తులుగా వైద్యవిద్యార్థులు కంఠస్థము చేయుదురట. మా కండ్లయెదుట మూడు గుర్తులు నిలిచియుండగా నాలుగవది వచ్చినది. మఱికొన్ని కణితులు శరీరమున కార్టిసాల్‌ను పెంచును; అదియు నెత్తుటిని పేర్చును. కొన్ని నీళ్లవిరేచనములు కలిగించి ఒంటిలోని నీటిని హరించును. క్లోమములో పుట్టినవి కొన్ని ప్రక్కనున్న ప్లీహపు సిరను ఒత్తివేయును, ఒక్కొక్కప్పుడు దానిలోనికే చొచ్చుకొనిపోవును. అన్ని రకములకును అపాయము సమానము కాదు. కావుననే రోగియొక్క కణితి ఏ రకమో, దానితో నెత్తురు గడ్డకట్టు భయమెంతయో డాక్టరును అడిగి తెలిసికొనవలెను.

ఈ సంబంధము క్రొత్తగా కనుగొన్నది కాదు. పారిసు నగరమున ట్రూసో అను వైద్యుడు 1865లోనే, కారణము లేక సిరలలో నెత్తురు గడ్డకట్టినచో లోపల దాగిన క్యాన్సరును వెదకుడని తన శిష్యులకు బోధించెను. రెండేండ్లు తిరుగక 1867లో ఆ చిహ్నమునే తన శరీరమున చూచుకొని, తన వ్యాధి ఏదియో తానే గ్రహించెను. ఆ యేడే కడుపులోని క్యాన్సరుతో మరణించెను. ఆయన కాలమున గుర్తించుటయే గాని మాన్పుట లేదు. నేడు మందులున్నవి. 1916లో అమెరికాలో మెక్లీన్ అను వైద్యవిద్యార్థి కుక్క కాలేయమునుండి తీసిన పదార్థముతో మొదలైన పరిశోధనయే హెపారిన్ సూదిమందునకు మూలము. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతొకడు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురు నిండిన పాలక్యానును, బూజుపట్టిన మేతను బండిలో వేసికొని, మంచుతుఫానులో లింక్ అను ఆచార్యుని పరిశోధనాలయమునకు వచ్చెను. ఆ చెడిన మేతలోని విషమును వెదకగా వెదకగా వార్ఫరిన్ పుట్టినది. 1948లో ఎలుకలమందుగా అమ్ముడుపోయి, 1954లో మనుష్యులకు మందైనది. ఈ కథ వినినప్పుడు బావ, "పశువును పోగొట్టుకొన్న రైతు పుణ్యమా ఇది!" అని చాలసేపు మాటాడలేదు. ఇప్పుడు మ్రింగు మాత్రలు మఱికొన్ని వచ్చినవి. కాని నెత్తుటిని పలుచన చేయునది నెత్తురు కార్పించుటయు నెఱుగును. ప్రేగులలో కణితి యున్నవారికి ఆ భయము మఱింత. కావున ఎవరికో మేలైనదని అంగడిలో కొని మ్రింగదగిన మందులు కావవి.

అక్క పదునొకండు దినములు ఆసుపత్రిలో నుండెను. ఊపిరి కుదుటపడిన నాడు నేను కాగితమును ఆమె చేతిలో పెట్టి, జరిగినదంతయు చెప్పితిని. ఏడ్చునేమో యనుకొంటిని. ఆమె ఏడ్వలేదు. నా ముఖమువంక చూచి ఇట్లనెను:

"మీరు నాకు చెప్పకపోతిరి. కాలు నా తాననే ఉండె గద తమ్మీ! చెప్పి ఉంటే నేనే చూసుకునేదాన్ని."

నాకు జవాబు దొరకలేదు. నేటికిని దొరకలేదు. ఆమె గుండె పగులునని నేను భయపడితిని. నా దాపరికమువలన నిజముగా పగులబోయినది ఆ గుండెయే. రోగి తన దేహమునకు తాను కావలివాడు. కావలివానికి దొంగ యెట్లుండునో చెప్పక, రాత్రియంతయు మేలుకొనుమన్న ఏమి లాభము? మఱియు మన స్త్రీలు కాలు వాచినదని, తొడ నొచ్చుచున్నదని మగవారితో చెప్పుటకు సిగ్గుపడుదురు. చెప్పినను "వయసు, అలసట" అని కొట్టివేయుదుము. ఆ సిగ్గునకును ఈ కొట్టివేతకును నడుమ ఎన్ని ప్రాణములు జారిపోవుచున్నవో!

కొన్ని నెలలు నెత్తురు పలుచన చేయు మందిచ్చిన పిమ్మట శస్త్రచికిత్స జరిగినది. అటువెనుక నాలుగు వారములు దినమున కొకసారి పొట్టచర్మములో హెపారిన్ సూది వేయవలసి యుండెను. ఆముదము రాచిన కోడలే ఆ సూది వేయుట నేర్చుకొని, ఒక్క దినమైనను తప్పక వేసినది. ఆమెకు తెలియక చేసిన మర్దనకు ఎవరును ఆమెను నిందింపలేదు, అక్కయే నిందింపనీయలేదు. వాచిన కాలిని రుద్దరాదని ఇప్పుడు మా వీథిలో అందఱికంటె గట్టిగా చెప్పునది ఆ కోడలే.

కాలేయములోని చుక్కల కొఱకు అక్కకు నాలుగు వారముల కొకసారి హైదరాబాదులో సూదిమందు. జబ్బున్నంతకాలము నెత్తురు పలుచన మాత్రయు నుండును. 2024 సెప్టెంబరు మొదటి తేదీన కురిసిన కుండపోతవానకు కేసముద్రమునకును ఇంటికన్నెకును నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఆ వారమే అక్క ప్రయాణము. రైలు లేదు, రోడ్లు తెగినవి, వాకిట నీరు. నేను కంగారుపడితిని. ఆమె పడలేదు. ఆసుపత్రికి తానే ఫోను చేసి, సూది కొన్ని దినములు జరిగినను ఇప్పటికి భయము లేదని తెలిసికొనెను. మాత్రలు లెక్కపెట్టుకొనెను. గంట కొకసారి లేచి వసారాలో ఇటునుండి అటు నడచెను. తఱచుగా నీళ్లు త్రాగెను. ఉదయము సాయంకాలము దర్జీ టేపుతో రెండు పిక్కలను కొలుచుకొని కాగితముపై వ్రాసికొనెను. రెంటికి నడుమ మూడు సెంటీమీటర్లకు మించిన భేదము అనుమానింపదగినదని వైద్యులు చెప్పియుండిరి. భేదము అంత లేకున్నను నొప్పియు వెచ్చదనమును ఉన్నచో చూపించుకొనవలసినదే యనియు చెప్పియుండిరి. కట్ట బాగుపడి రైళ్లు కదలిన పిదప హైదరాబాదు పోయి వచ్చెను.

సోదరీసోదరులారా, మీ యింట ఎవరికైనను ఇట్టి కణితి యున్నచో ఈ పంతులు మాట నొకటి వినుడు. జబ్బు మెల్లనిదని నిశ్చింతగా నుండకుడు. అది ఏండ్లు పట్టును. నెత్తురుగడ్డకు ఒక్క దినము చాలును. ఒక కాలు వాచి, వెచ్చనై, నొచ్చినచో అదే దినము వైద్యునికి చూపుడు. అకస్మాత్తుగా ఆయాసము, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ములో పోటు, దగ్గులో నెత్తురు, సొమ్మసిల్లుట - వీనిలో ఏది కనబడినను తెల్లవాఱువఱకు ఆగకుడు. డాక్టరు వలదనకున్నచో రోగిని నడువనిండు. శస్త్రచికిత్సకు ముందును, దూరప్రయాణమునకు ముందును నెత్తురు గడ్డకట్టు సంగతి మీరే యెత్తి అడుగుడు. అన్నిటికంటె ముందు, ఆ కాలు ఎవరిదో వారికి చెప్పుడు.

మా యింట ఇప్పుడు 'గడ్డ' యను మాటను వంటయింటికే విడిచితిమి. కడుపులోనిది కణితి, సిరలోనిది నెత్తురుగడ్డ. మా అక్క మనుమరాలికి కూడ ఈ భేదము తెలియును. నల్లదారము మరల కట్టుదుమని పెద్దలు అడుగగా అక్క నవ్వి, గోడమేకునకు క్యాలెండరు ప్రక్కన వ్రేలాడు టేపును చూపినది. "అది కట్టినప్పుడు చెప్పలేకపోయెను. ఇది చెప్పుతది" అనెను.